ఇసుక కింద చాపమ్మ

తనిఖీ అంటే ఇరవయ్యొకటో శతాబ్దం చివరి రోజుల్లోనూ మనవాళ్ళకి పెళ్ళి సందడే. తెప్పలకొత్తూరు సాగర పరిశోధన కేంద్రంలో నేల తుడవడానికి యంత్రాలున్నాయి. తొట్టెల గోడల మీద పాచి గీకడానికి అరచేతిలో ఇమిడే ఈతయంత్రాలున్నాయి. తమంతట తామే సముద్రంలోకి వెళ్ళి నీటి నమూనాలు పట్టుకొచ్చే పనిపడవలున్నాయి. అయినా ఢిల్లీ నుంచి అధికారి వస్తున్నాడంటే, గేటు దగ్గర్నుంచి అతిథిగృహం దాకా బాటకి రెండు పక్కలా సున్నం గీతలు మాత్రం మనుషులే వంగి గీయాలి. ఆ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

రేపు తనిఖీ అనగా ఆ ఉదయం డాక్టర్ పొట్నూరి కాంచన సున్నం గీతల పక్కనే నడుస్తూ, వంకరపోయినచోటల్లా వేలు చూపించి దిద్దిస్తోంది. ఆ కేంద్రంలో వసతులకీ సేవలకీ ఆమే అధిపతి. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వస్తారు. వాళ్ళకి గది, బల్ల, పడవ, ఈతదుస్తులు, తొట్టెల్లోకి రాత్రీపగలూ ఆగకుండా పారే శుభ్రమైన సముద్రపు నీరు, అన్నీ ఆమె చేతిమీదుగానే అందాలి. ఏ లోటూ రానివ్వదని పేరు. ఆ పేరంటే ఆమెకి ప్రాణం. అతిథిగృహంలో వంజరం చేప పులుసు తిన్న శాస్త్రవేత్తలు తమ వ్యాసాల చివర కృతజ్ఞతల్లో ఆమె పేరు రాసేవారు. పులుసు సంగతి మాత్రం రాసేవారు కాదు.

అన్ని సేవలూ ఒక ఎత్తు, తొట్టెల సాలలో గోడకి మేకు మీద వేలాడే టోపీ ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ టోపీ పుట్టింది ఈ కేంద్రంలోనే. కనిపెట్టినవాడు లెంక భానోజీ. పనికి ఇంజనీరు, మనిషి నోట్లో నాలుక లేనంత నెమ్మది. చాలా ఏళ్ళ కిందట ఆయన టేకు చేపల మీద పనిచేసేవాడు. టేకు అంటే నీళ్ళలో పరిచిన చాపలా బల్లపరుపుగా ఉండి, రెక్కలు అల్లాడిస్తూ ఈదే చేప. దాని మూతి చుట్టూ సూదిమొనంత రంధ్రాలుంటాయి. ఇసుకలో దాక్కున్న పీత గుండె కొట్టుకున్నా, ఆ కొట్టుకోవడంలో పుట్టే అణుమాత్రపు విద్యుత్తుని టేకు ఆ రంధ్రాలతో పసిగట్టేస్తుంది. ఈ దారినే వెనక్కి నడిస్తే ఎలా ఉంటుందని భానోజీ ఆలోచించాడు. చేప ఒంట్లో పుట్టే విద్యుత్తుని తొట్టె అడుగున పరిచిన తీగల వల పట్టుకోవాలి. దాన్ని ఒక వర్ధకం, అంటే యాంప్లిఫయర్, వేల రెట్లు పెంచాలి. నెత్తిన పెట్టుకున్న టోపీ దాన్ని మనిషి మెదడుకి తెలిసే భావంగా మార్చి అందించాలి. ఇందులో మాటలుండవు. ఆకలో, భయమో, నెమ్మదో, ఏదైతే అది నేరుగా వచ్చి మన లోపల కూర్చుంటుంది.

ఆయన దానికి భావవాహిని అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు పత్రికలు న్యూరల్ కప్లర్ అన్నాయి. ఊళ్ళోవాళ్ళు చేపటోపీ అన్నారు. చివరికి ఆ పేరే నిలిచింది.

టోపీ వెనకాలే చట్టం వచ్చింది. నీటిప్రాణుల్ని ఉంచుకునే ఏ కేంద్రమైనా ఏటా ఆ ప్రాణుల చేతనే ఔననిపించుకోవాలి. సమ్మతి మండలి అధికారి వచ్చి, టోపీ పెట్టుకుని, తొట్టెలోని ప్రాణి మనసు వింటాడు. అది నెమ్మదిగా ఉంటే సమ్మతిపత్రం ఇస్తాడు. లేకపోతే పంపులకి సీలు పడుతుంది, గదులకి తాళాలు పడతాయి, పడవలు ఒడ్డున ఎండుతాయి. తెప్పలకొత్తూరులో అయితే ఇంకొకటీ ఆగిపోతుంది. సముద్రం పెరిగి ఊళ్ళో బావులన్నీ ఉప్పుబారిపోయాక, ఊరు తాగుతున్నది ఈ కేంద్రంలో ఉప్పు తీసిన నీళ్ళే. అందుకని సమ్మతిపత్రం కాంచనకి గోడకి కట్టుకునే పటం కాదు. ఊరి నోట్లో నీటిచుక్క.

ఇన్నేళ్ళుగా ఆ పత్రం తెచ్చిపెడుతున్నది ఒకే ఒక్క చేప. పేరు చాపమ్మ.

తొట్టెలున్న కేంద్రాల్లో ఏ పుస్తకంలోనూ లేని నియమం ఒకటుంది. ముందు విస్తరి, తర్వాత తొట్టె. వచ్చిన అధికారికి కడుపునిండా పెట్టకుండా టోపీ పెట్టించకూడదు. ఒకసారి ఎక్కడో ఒక తీరంలో అధికారి ప్రయాణం ఆలస్యమై, ఆకలితో, చిరాకుతో వచ్చి నేరుగా టోపీ పెట్టుకున్నాడట. లోపల ప్రాణి అల్లాడిపోతోందని రాసి ఆ కేంద్రాన్ని మూయించేశాడట. ఆకలిగా ఉన్న మనిషి ఒంటి విద్యుత్తు తగిలితే చేప బెదురుతుందని దీనికి శాస్త్రకారణం కూడా చెప్పుకున్నారు. మనకి ముందు ఆచారం పుడుతుంది, కారణం తర్వాత తీరిగ్గా నడిచొస్తుంది. కాంచన అయితే కారణం కూడా అడగలేదు. ఇంటికొచ్చినవాళ్ళకి ముందు అన్నం పెట్టడం ఆమెకి మర్యాద, అంతే.

ఆ ఉదయం పది దాటాక మైలపల్లి ఎర్రమ్మ చేపల గంపతో వచ్చింది. మర్నాటి విందుకి వంజరం తెచ్చేది ఆమే. వంటింటి దారి నిండా పచ్చి సున్నం ఉండటంతో ఎవరో ఆమెని తొట్టెల సాలలోంచి వెళ్ళమన్నారు. కాంచన ఆ సంగతి విని చేతిలో పని అక్కడే వదిలేసి పరిగెత్తింది. అధిపతి పరిగెత్తడం చూసి సున్నం గీసేవాళ్ళు కూడా ఆగిపోయారు.

ఆ పరుగుకి కారణం ఉంది. చాపమ్మని కేంద్రానికి తెచ్చింది ఎర్రమ్మే. వలలో చిక్కుకుని, ఎడమ రెక్క అంచున అరచేయంత ముక్క తెగిపోయి, నెత్తురోడుతున్న టేకుని ఆమె తడిగుడ్డలో చుట్టి ఎత్తుకొచ్చింది. "గాయం మానీగానే ఒగ్గీండమ్మా, సంద్రం బిడ్డ కదా," అని ఒక్కటే అడిగింది. వదిలేస్తానని కాంచన మాటిచ్చింది. గాయం మానింది. కానీ ఆ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి చాపమ్మ తొట్టె దగ్గర టోపీ పెట్టుకుని, ఇంతటి నెమ్మది తానెక్కడా వినలేదని రాశాడు. అలాంటి చేపని ఎలా వదులుకోవడం? తనిఖీ అయ్యాక వదులుదామనుకుంది కాంచన. ఆ తనిఖీ తర్వాత ఇంకో తనిఖీ వచ్చింది. ఎర్రమ్మ కనిపించినప్పుడల్లా అడిగేది. అడిగీ అడిగీ ఒకసారి అడిగినప్పుడు కాంచన, "వదిలేశాం ఎర్రమ్మా, హాయిగా వెళ్ళిపోయింది," అనేసింది. ఆ సాయంత్రమే ఎర్రమ్మ ఒడ్డుకెళ్ళి, గంగమ్మకి పసుపూ కుంకాలు చల్లి, కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప తెచ్చి కాంచన చేతిలో పెట్టింది. కాంచన ఆ కొబ్బరి తింది కూడా.

కాంచన సాలలోకి అడుగుపెట్టేసరికి ఎర్రమ్మ గంప దించి తొట్టె అంచున నిలబడి ఉంది. అడుగుల చప్పుడు వినగానే పైకి రావడం చాపమ్మకి అలవాటు. ఇసుక దులుపుకుని లేచి, గట్టుకి ఆనుకుని, తెగిన ఎడమ రెక్కని నీటిపైన ఆడిస్తోంది.

"ఇదేటమ్మా?" అంది ఎర్రమ్మ, కళ్ళు పెద్దవి చేసి. "ఇది మన టేకే కదా! ఆ రెక్క నాను మరిసిపోతానా?"

కాంచన, పరిశోధన అనాలా, అనుమతి అనాలా, ఇది ఇంకో చేప అనాలా అని వెతుక్కుంటోంది.

ఎర్రమ్మ ముఖం ఒక్కసారిగా విప్పారింది. "మళ్ళీ ఒచ్చీసినాదా? ఒగ్గీసినా ఒచ్చీసినాదా అమ్మా?" అని చెంపల మీద చేతులు వేసుకుంది. "ఒస్తాది, ఎందుకు రాదు? గాయం కడిగిన సెయ్యిని ఎలా మరిసిపోతాది? మీ సేతిలో ఏటుందో దానికి తెలుసు."

ఎర్రమ్మ తిట్టి ఉంటే కాంచన తట్టుకునేది. ఇన్నాళ్ళూ అబద్ధమాడావని నలుగురిలో కడిగేసినా తలవంచుకుని పడేది. ఆమె అనుమానమైనా పడలేదు. కాంచన చెప్పిన అబద్ధం నిలబడటానికి ఇంకో అద్భుతాన్ని ఆమే అల్లి పెట్టింది.

"అవును ఎర్రమ్మా," అంది కాంచన. "వచ్చేసింది."

ఎర్రమ్మ చాపమ్మకి దణ్ణం పెట్టి, కాంచనకి కూడా పెట్టి, గంప ఎత్తుకుని వంటింటికి వెళ్ళిపోయింది. ఆ రెండో దణ్ణం కాంచన ఒంటికి కారం రాసినట్టయింది. ముందు చెప్పిన అబద్ధానికి భయం కారణం, ఊరి నీళ్ళు కారణం, ఇంకేవో కారణాలున్నాయి. ఇప్పుడు చెప్పినదానికి ఏ కారణమూ లేదు. తన ముఖం దాచుకోవడానికి చెప్పింది, అంతే.

ఆమె తొట్టె దగ్గరికి నడిచింది. తర్వాత మేకు మీది టోపీ తీసింది. ఇన్నేళ్ళలో అది ఆమె నెత్తికెక్కలేదు. టోపీ అతిథులకీ అధికారులకీ ఇచ్చేది. హోటలువాడు తన వంట తాను తినడు కదా. చాపమ్మ మళ్ళీ ఇసుకలోకి దిగి ఒళ్ళు కప్పుకుంది. రెండు కళ్ళు మాత్రం రెండు గులకరాళ్ళలా పైకి కనిపిస్తున్నాయి. కాంచన టోపీ పెట్టుకుని మీట నొక్కింది.

ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత మెడ వంగిపోయింది. ఎవరూ చూడకూడదు, ఎవరి కళ్ళూ పడకూడదు, ఇంకా లోపలికి, ఇంకా కిందికి వెళ్ళిపోవాలి, పైన ఇంకాస్త ఇసుక పడితే బాగుండును. గొంతు దాకా ఊబిలా లేచింది ఆ భావం. దానికి పేరు వెతకనక్కర్లేదు. అది సిగ్గు. భరించలేక కాంచన టోపీ లాగేసింది.

కాసేపటికి పనిముట్ల పెట్టెతో భానోజీ వచ్చాడు. తనిఖీ ముందు రోజు ఆయన టోపీ తీగలు సరిచూస్తాడు.

"భానోజీ గారూ, చేపకి సిగ్గుంటుందా?" అని అడిగింది కాంచన.

ఆయన పెట్టె దించి ఆమె ముఖం చూశాడు, చేతిలో టోపీ చూశాడు. "ఎందుకలా అడుగుతున్నారు?"

"ఇన్నేళ్ళూ అది ఇసుకలో దాక్కుంటే దాని అలవాటనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతోందండీ. ఇంతమందికి చూపించి చూపించి దాని బతుకు ఇలా చేశాను. అందరికీ తృప్తే వినిపించింది, నాకు మాత్రం అసలుది చెప్పుకుంది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఈరోజే వదిలేద్దాం. పోటు ఎప్పుడు?"

"మధ్యాహ్నం. మరి రేపు?"

"రేపు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పత్రం పోతే పోనీ. కాళ్ళు పట్టుకునైనా ఊరి నీళ్ళకి గడువు అడుగుతాను."

భానోజీ ఏదో చెప్పబోయాడు. చివరికి, "గోనెపట్టా తెస్తాను," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పోటు వేళకి కేంద్రంలో అందరూ అతిథిగృహానికి తోరణాలు కడుతున్నారు. వీళ్ళిద్దరూ చాపమ్మని తడిపిన పట్టాలో ఎత్తి, సముద్రపు నీరు లోపలికి వచ్చే కాలువ దగ్గరికి మోశారు. తోకముల్లు తగలకుండా భానోజీ తోకవైపు గుడ్డ చుట్టాడు. కాలువలోకి దించి, గుడ్డ విప్పి, తలుపు ఎత్తగానే చాపమ్మ ఒక్కక్షణం ఆగి, రెక్కలు దులిపి, ఎదురొస్తున్న నీటిలోకి జారిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందేమోనని కాంచన చాలాసేపు అక్కడే నిలబడింది. క్షమించినట్టు ఒక చిన్న గుర్తు, ఏదో ఒకటి. నీటి మీద నురగ తప్ప ఏమీ కనిపించలేదు.

మర్నాడు సమ్మతి మండలి నుంచి వల్లూరి ప్రభంజనరావు వచ్చాడు. భారీ మనిషి, మంచి మాటకారి. టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకుంటే ప్రాణి మనసు పుస్తకంలా చదివేస్తాడని మండలిలో పేరు. సున్నం గీతల మధ్య నడిచొస్తూ, "ఈ తీరానికొస్తే పుట్టింటికొచ్చినట్టుంటుందమ్మా," అన్నాడు.

కాంచన ఆయనకి దారిలోనే చెబుదామనుకుంది. వెనక పదిమంది ఉన్నారు. విస్తరి ముందు కూర్చున్నాక చెబుదామనుకుంది. అన్నం ముందు చెడ్డమాట దేనికని ఆగింది. పులుసు పోసినప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఆహా అన్నాడు, ఆ ఆహా మధ్యలో ఎలా చెప్పడం? పెరుగులో చెబుదామనుకుంది. పెరుగయ్యింది, అరటిపండయ్యింది, కిళ్ళీ కూడా అయ్యింది. నిజం చెప్పడానికి మంచి ముహూర్తం వెతికేవాడు దాన్ని చెప్పడు. కాంచనకి ఆ సంగతి ఆ పూట బాగా తెలిసొచ్చింది. ప్రభంజనరావు చెయ్యి తుడుచుకుని, "పదండి, మన చాపమ్మని పలకరిద్దాం," అంటూ లేచేశాడు.

సాలలో తొట్టె దగ్గర భానోజీతో కలిపి వాళ్ళు ముగ్గురే ఉన్నారు. అడుగున ఇసుక చదునుగా పరుచుకుని ఉంది.

"ఇసుకలో ఉన్నట్టుంది. లేపకండి, పడుకోనివ్వండి," అంటూ ఆయన తనే టోపీ తీసి పెట్టుకున్నాడు.

"సార్..." అంది కాంచన.

ఆయన మాట్లాడవద్దన్నట్టు చెయ్యెత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. క్రమంగా ఆ ముఖం నిండా వెలుగు పరుచుకుంది. "ఆహా," అన్నాడు మెల్లగా. "కడుపునిండిన తృప్తి. ఏ కొరతా లేని నెమ్మది. పైగా ఇదిగో, హాయిగా ఒక కునుకు కూడా పట్టబోతోంది దానికి. ఏ తీరంలోనూ ఇంత చల్లటి ప్రాణిని నేను వినలేదమ్మా!"

కాంచన చప్పున భానోజీ వైపు చూసింది. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

ఖాళీ తొట్టె. నిన్న తన చేతులతో మోసి వదిలిన చేప. మరి ఈయనకి వినిపిస్తున్న తృప్తి ఎవరిది? వంజరం పులుసుదా?

"సార్," అంది ఈసారి గట్టిగా. "ఆ తొట్టెలో చేప లేదు. నిన్న మధ్యాహ్నం నేనే సముద్రంలో వదిలేశాను. అందులో ఇసుక తప్ప ఏమీ లేదు సార్."

ప్రభంజనరావు కళ్ళు తెరిచాడు. నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి నవ్వు సగంలో ఆగింది. తొట్టెలోకి వంగి చూశాడు. టోపీ ఇంకా నెత్తినే ఉంది. ఇన్నేళ్ళలో తాను తిరిగిన తీరాలూ, పెట్టిన సంతకాలూ, మూయించిన కేంద్రాలూ అన్నీ ఆయనకి ఒక్కసారి కళ్ళముందు కదిలి ఉంటాయి. ఆ ముఖంలో వెలుగు ఆరిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. మెడ నెమ్మదిగా వంగింది. కాంచనకి ఆ వంగడం తెలుసు. నిన్న అక్కడే, అదే టోపీ కింద తన మెడ అలాగే వంగింది.

ఆయన చురుక్కుమన్నట్టు టోపీ లాగేసి ఆమె చేతిలో పెట్టాడు. రుమాలుతో ముఖం తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా, "పాపం, ఇప్పుడు దానికేదో ఇబ్బందిగా ఉన్నట్టుంది. మనం గట్టిగా మాట్లాడాం కదా, బెదిరింది," అన్నాడు.

"సార్, అందులో..."

"ఇసుకలో లోతుగా ఉందమ్మా. నేను విన్నాను కదా!" ఆ గొంతులో గద్దింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. అక్కడే నిలబడి సమ్మతిపత్రం మీద ముద్ర వేసి ఆమె ముందుకి చాచాడు. కాంచనకి ఊళ్ళో కుళాయిల ముందు బిందెలు గుర్తొచ్చాయి. రెండు చేతులా అందుకుంది. ప్రభంజనరావు వచ్చినప్పుడు నడిచిన సున్నం గీతల మధ్య కాకుండా, పక్కనుంచి గబగబా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఇది మీకు ముందే తెలుసు," అంది కాంచన, కారు చప్పుడు దూరమయ్యాక.

భానోజీ తొట్టె గట్టు మీద కూర్చున్నాడు. "మొట్టమొదటి టోపీ నుంచీ తెలుసు. చేప దగ్గర్నుంచి వచ్చేది గోరంతండీ. అది వినిపించాలని వర్ధకం పెంచాను. పెంచినకొద్దీ టోపీ పెట్టుకున్నవాడి మనసే కొండంతై వాడికే తిరిగొచ్చింది. చేపది అందులో ఎక్కడో మునిగిపోయింది. ఎంత గింజుకున్నా విడదీయలేకపోయాను."

"మరి చెప్పొచ్చు కదా!"

"మొదటిసారి పెట్టుకున్న పెద్దాయన ఏడ్చేశాడు. ఈ చేప మనుషులందర్నీ క్షమించిందయ్యా అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే, అయ్యా అది చేప కాదు, మీరే అని ఎలా చెప్పను? మర్నాడు చెబుదామనుకున్నాను." భానోజీ తలవంచుకున్నాడు. "మర్నాడు పేపర్లో నా ఫొటో వచ్చింది."

కాంచన, నిన్న చాపమ్మ తనకొక్కతెకే అసలుది చెప్పుకుందని మురిసిపోయి ఏడ్చింది. చాపమ్మ ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్ళలో దాని తృప్తి ఎవరూ వినలేదు, బాధ కూడా ఎవరూ వినలేదు. ఇసుక కింద ఆ రెండు కళ్ళ వెనక ఏముండేదో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. తనని కోసేసిన ఆ సిగ్గు అచ్చంగా తనది. దాన్ని కూడా చేప నెత్తిన పెట్టి, చేపని ఉద్ధరించానని అనుకుంది.

"రాసేద్దామండీ," అంది. "మండలికీ, పేపర్లకీ, అందరికీ."

"ఎన్ని కేంద్రాలు మూతపడతాయో. ఊరి నీళ్ళు..."

"తెలుసు. కానీ ముందు ఇంకొకరికి చెప్పాలి."

ఎర్రమ్మ గేటు దగ్గర ఖాళీ గంప బోర్లించుకుని దానిమీద కూర్చుని ఉంది. తనిఖీ బాగా జరిగిందని అప్పటికే ఆమెకి తెలిసిపోయింది. "మన టేకు గెలిపించీసినాదట కదా!" అంది నవ్వుతూ.

కాంచన నిలబడే చెప్పింది. మాటిచ్చి ఎందుకు వదల్లేదో, వదలకుండానే వదిలానని ఎలా చెప్పిందో, నిన్న అది తిరిగిరాలేదని, అసలు వెళ్ళనే లేదని, అన్నీ చెప్పింది. ఆ రోజు కొబ్బరి తిన్న సంగతీ దాచలేదు. ఎర్రమ్మ అడ్డురాకుండా వింది. వింటున్నకొద్దీ ఆ ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు నిలిచి, తర్వాత పోయింది.

"నిన్న మధ్యాహ్నం మాత్రం వదిలేశాను ఎర్రమ్మా. కాలువలోంచి సముద్రంలోకి వెళ్ళిపోయింది."

ఎర్రమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. "నిజింగానా అమ్మా?" అంది.

ఇన్నేళ్ళలో ఎర్రమ్మ ఆమెని ఆ మాట ఎన్నడూ అడగలేదు.

కాంచన ఆమె చెయ్యి పట్టుకుని తొట్టెల సాలకి తీసుకెళ్ళింది. తొట్టె చూపించింది. నీరు నిశ్చలంగా ఉంది. అడుగున ఇసుక చదునుగా ఉంది. చాపమ్మ ఉన్నరోజుల్లోనూ అచ్చం ఇలాగే ఉండేది. ఎర్రమ్మ వంగి ఆ మూలా ఈ మూలా కళ్ళతో వెతికింది. మేకు మీది టోపీ కాంచన కంటబడింది. అది పెట్టుకుంటే ఎర్రమ్మకి ఏం వినిపిస్తుందో ఆమెకి తెలుసు. నిన్నటి దాకా నిండు నమ్మకం వినిపించేది. దాన్ని తీసేసి ఆ చోట అనుమానం పెట్టింది తానే.

ఆమె చెప్పులు విడిచి, పట్టుచీరతోనే తొట్టెలోకి దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, నడుం దాకా నీళ్ళలో, రెండు చేతులతో ఇసుక దేవడం మొదలుపెట్టింది. దోసెడు దోసెడుగా ఎత్తి, నీటిపైకి తెచ్చి, ఎర్రమ్మకి చూపించి వదిలేస్తోంది. నీళ్ళు బురదెక్కాయి. ముఖం మీద ఇసుక, జుట్టులో ఇసుక.

"ఇంక సాలమ్మా, పైకి రండి," అంది ఎర్రమ్మ. "సీర పాడైపోతాది. సూసీసినాను కదా."

కాంచన తల ఎత్తలేదు. మోకాళ్ళ మీదే ఇంకాస్త ముందుకి జరిగింది.

"ఇంకా ఆ మూల ఉంది ఎర్రమ్మా," అంది. "ఆ మూల చూపించలేదు."